చిన్న ప్లేయర్ 250 ఓమ్ హెడ్‌ఫోన్‌ని లాగుతుందా? చెన్నైలో వాడుకకి ఏది తీసుకోవాలి?

వేళచ్చేరి_వాసు
చిన్న మ్యూజిక్ ప్లేయర్ తీసుకున్నా. 3.5 మిల్లీమీటర్ జాక్ ఒక్కటే, లావుగా ఉండే 4.4 జాక్ లేదు. స్పెక్ కాగితంలో 16 ఓమ్‌లకి 35+35 మిల్లీవాట్లు అని ఉంది. దీనికి హెడ్‌ఫోన్ కావాలి. రిచీ స్ట్రీట్ షాపులో ఒకాయన డీటీ 770 ప్రో అనే హెడ్‌ఫోన్‌లో 250 ఓమ్ రకం తీసుకోమంటాడు, "ఓమ్ ఎక్కువైతే సౌండ్ నీటుగా వస్తుంది సార్" అట. రెండు షాపుల అవతల ఇంకొకాయన 250 అయితే అసలు వినపడదు, 32 ఓమ్‌దే తీసుకోండి అంటాడు. ఎవరి మాట నమ్మాలి?
సగం వినడం ఎంఆర్‌టీఎస్ రైల్లో, వేళచ్చేరి నుంచి చేపాక్ దాకా. మిగతా సగం రాత్రిపూట ఇంట్లో. ఎక్కువగా కర్ణాటక కచేరీలు, ఘంటసాల పాతవి, ఇళయరాజా. 15 వేల దాకా పెట్టగలను. కళ్లజోడు ఉంది. బ్లూటూత్ మాత్రం వద్దు, ఇంకో వస్తువుకి ఛార్జింగ్ పెట్టే ఓపిక లేదు.

ఓమ్స్‌లా_ఓబులేసు
ఇద్దరూ చెరిసగం చెప్పారు. ఒక్క ఓమ్ అంకె (కరెంటుకి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు) చూస్తే ఏమీ తేలదు, సెన్సిటివిటీ (ఇచ్చిన సిగ్నల్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) కూడా కావాలి. అందులోనూ ఒక తిరకాసుంది. కొన్ని కంపెనీలు మిల్లీవాట్‌కి ఇన్ని డీబీ (శబ్దం గట్టిదనపు కొలత) అని ఇస్తాయి, కొన్ని వోల్ట్‌కి ఇన్ని అని. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అన్నీ వోల్ట్ లెక్కలోకి తెచ్చుకోండి: 1000ని ఓమ్‌తో భాగించి, దాని లాగ్‌ని 10తో గుణించి, మిల్లీవాట్ అంకెకి కలపాలి. 32 ఓమ్‌కి 15 కలుస్తుంది, 80కి 11, 250కి 6, 300కి 5.

ఇక మీ ప్లేయర్. 0.035 ఇంటూ 16 = 0.56, దాని వర్గమూలం 0.75. అంటే మహా అయితే ముప్పావు వోల్ట్ ఇస్తుంది. ఒక వోల్ట్ కంటే 2.5 డీబీ తక్కువ. ఫుల్ వాల్యూమ్‌లో పీక్, అంటే పాటలో అన్నిటికంటే గట్టి క్షణం, ఎన్ని డీబీ వస్తుందో చూడండి:

డీటీ 770, 250 ఓమ్: 96కి 6 కలిపితే 102, అందులోంచి 2.5 పోతే 99.5
అదే 80 ఓమ్ రకం: 104.5
అదే 32 ఓమ్ రకం: 108.5
సెన్‌హైజర్ హెచ్‌డీ 650, 300 ఓమ్: వోల్ట్‌కే 103 అని ఇచ్చారు, కాబట్టి 100.5
ఆడియో టెక్నికా ఎం50ఎక్స్, 38 ఓమ్: 99కి 14 కలిపితే 113, చివరికి 110.5
సోనీ ఎండీఆర్ 7506, 63 ఓమ్: 106కి 12 కలిపితే 118, చివరికి 115.5

చివరి రెండూ చూడండి. 63 ఓమ్‌ది 38 ఓమ్‌దాని కంటే గట్టిగా మోగుతోంది. ఓమ్ తక్కువైతే తేలిగ్గా లాగుతుందన్న మాట అక్కడే వీగిపోయింది.

బజ్జీబాస్
99.5 డీబీ చాలదా?! చెవులా అవి, రోలు బండలా

ఓమ్స్‌లా_ఓబులేసు
అది పీక్ బాసూ, సగటు కాదు. ఇప్పటి సినిమా పాటల్లో సగటు పీక్ కంటే 8-10 డీబీ కిందుంటుంది, వాటికి 250 ఓమ్ అయినా సరిపోతుంది. కచేరీ రికార్డింగ్‌లో సగటు 20 డీబీ కిందికి పోతుంది. తని ఆవర్తనంలో (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) ఒక్క దెబ్బ పీక్‌ని తాకుతుంది, మిగతా కచేరీ అంతా అడుగున నడుస్తుంది. అంటే ఫుల్ వాల్యూమ్ పెట్టినా ఆలాపన 75-80 దగ్గర. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది చాలు. రైల్లో చాలదు.

తంబూర_శ్రుతి
ఇది అక్షరాలా నిజం. సభల్లో చేసిన పాత రికార్డింగులు ఇంకా లోతుగా ఉంటాయి. ఎవరో క్యాసెట్ నుంచి ఎక్కించినవి అయితే పీక్ కూడా పైకి రాదు, మైనస్ 10 దగ్గరే ఆగిపోతుంది. అలాంటి ఫైళ్లకి ఓబులేసు గారి పట్టికలోంచి ఇంకో 10 తీసేయండి. కర్ణాటక సంగీతం వినేవాళ్లకి వాల్యూమ్ మిగులు ఎక్కువ కావాలి, రాక్ వినేవాళ్లకి కాదు. మామూలుగా అందరూ దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

అడయార్_ఆడియో
రీప్లేగెయిన్ పెడితే సగం గొడవ పోతుంది కదా. కంప్యూటర్‌లో ఫూబార్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లన్నీ ఒకసారి స్కాన్ చేసి ట్యాగ్ రాసేస్తే, ప్లేయర్ ఆ ట్యాగ్ చదివి పాటలన్నిటినీ ఒక మట్టానికి తెస్తుంది.

ఓమ్స్‌లా_ఓబులేసు
అది గట్టి పాటల్ని దించుతుంది. మెల్లగా ఉన్నవాటిని పీక్ దాటి ఎత్తలేదు, ఎత్తితే క్లిప్పింగ్, అంటే శబ్దం చిట్లుతుంది. వాసు గారి అవసరం ఎత్తడం.

బజ్జీబాస్
లెక్కలు పక్కన పెట్టండి గురువులారా. 250 ఓమ్ డీటీ 770కి వచ్చేది సాగదీస్తే 3 మీటర్లయ్యే చుట్టల వైరు. ఊడి రాదు కూడా. వేళచ్చేరిలో ప్లగ్ పెడితే ఇయర్‌కప్పు చేపాక్‌లో ఉంటుంది

నెల్లూరు_చేప
😂😂 80 ఓమ్‌దానికీ 3 మీటర్లే, కాకపోతే చుట్టలు లేకుండా తిన్నగా ఉంటుంది. 32 ఓమ్‌దానికే 1.6. అది మొబైల్ వాడకానికని చేసిన రకం.

సోల్డర్‌సుబ్బయ్య
వైరుతో పాటు ప్యాడ్లు కూడా చూడాలి. 80కి, 250కి మెత్తటి వెల్వెట్ లాంటి ప్యాడ్లు వస్తాయి. 32కి రెక్సిన్ ప్యాడ్లు. ఈ ఊరి ఉక్కకి రెక్సిన్ ప్యాడ్ పొరలు పొరలుగా ఊడుతుంది. ముందు చెవి వెనక మడతపడే చోట పగులుతుంది, తర్వాత నల్ల రజను చెవి నిండా అంటుకుంటుంది. చెమట ఉప్పు, తలనూనె, తేమ మూడూ కలిసి చేసే పని అది. విన్న తర్వాత పొడి గుడ్డతో తుడిచి, గాలాడే చోట పెడితే కొంత కాలం ఎక్కువ వస్తాయి. బ్యాగులో కుక్కి జిప్పు వేస్తే అంతే సంగతులు.
ప్యాడ్లు మారిస్తే పోలా అని ఎం50ఎక్స్‌కి వెల్వెట్ ప్యాడ్లు వేస్తుంటారు. గుడ్డ గుండా గాలి పోయి బాస్ పలచబడుతుంది. ఆ హెడ్‌ఫోన్‌ని రెక్సిన్ ప్యాడ్ సీల్ చూసుకునే ట్యూన్ చేశారు. మార్చేటప్పుడు అదే రకం, అదే మందం వెయ్యాలి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
మా బెంగళూరులో ఈ ఉక్క బాధ లేదు, ఏడాది పొడుగునా క్లోజ్డ్ బ్యాక్ (కప్పు వెనక మూసి ఉండేది) పెట్టుకోవచ్చు.

బజ్జీబాస్
నిజమే, సిల్క్ బోర్డ్ సిగ్నల్ దాటేలోపు ఒక కచేరీ మొత్తం అయిపోతుంది కూడా

అడయార్_ఆడియో
వాసు గారికి రెండు చోట్లకీ ఒకే వస్తువు వెతకడం దండగ అని నా లెక్క. రైలుకి ఇన్-ఇయర్, ఇంటికి హెడ్‌ఫోన్. ఇప్పుడు మంచి ఇన్-ఇయర్ రెండు మూడు వేలకే వస్తోంది. మూన్‌డ్రాప్ కంపెనీ "చూ" అనే మోడల్ చూడండి: 28 ఓమ్, వోల్ట్‌కి 120. ఈ ప్లేయర్ మీద 117.5 దాకా పోతుంది, సగం వాల్యూమ్ కూడా అక్కర్లేదు. మిగిలిన డబ్బు ఇంటి హెడ్‌ఫోన్‌కి.

వేళచ్చేరి_వాసు
ఇన్-ఇయర్‌లో బాస్ ఉండదు, మృదంగం తట్టినట్టు కాక గోకినట్టు వినపడుతుంది. అందుకే వద్దనుకున్నా.

తంబూర_శ్రుతి
అది ఇన్-ఇయర్ తప్పు కాదండీ, చెవిలో సీల్ పడలేదు. సీల్ పడకపోతే ముందు పోయేది మృదంగం ఎడమ మూత మీది లోతైన గుమికి నాదమే. 40 హెర్ట్జ్ టోన్ ఒకటి డౌన్‌లోడ్ చేసి మెల్లగా పెట్టి, ఒక్కో ఇయర్‌పీస్‌ని వేలితో కొంచెం లోపలికి నొక్కి చూడండి. నొక్కినప్పుడు బాస్ ఎక్కువైతే టిప్ చిన్నదన్నమాట. డబ్బాలో మూడు సైజులు ఇస్తారు, చాలామంది మధ్యది పెట్టుకుని వదిలేస్తారు. ఎడమ చెవికి పెద్దది, కుడి చెవికి మధ్యది సరిపోయేవాళ్లు బోలెడుమంది ఉంటారు. రెండూ ఒకటే సైజు ఉండాలని రూలేం లేదు.
పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని వెనక్కి, పైకి లాగి పట్టుకుని మెల్లగా తోయండి. ఒక్కసారి తోస్తే లోపల గాలి నొక్కుకుని డయాఫ్రమ్ పటుక్కుమంటుంది.

నెల్లూరు_చేప
ఫోమ్ టిప్స్ సీల్‌కి ఇంకా బెటర్ కదా

సోల్డర్‌సుబ్బయ్య
సీల్‌కి బెటరే. మన చెమటకి కొన్ని నెలల్లో గట్టిపడి ముక్కలవుతాయి, పై స్వరాలు కూడా కొంచెం మింగేస్తాయి. రోజూ రైలంటే సిలికానే మేలు, కడుక్కోవచ్చు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
బ్లూటూత్ వద్దన్నారు గానీ రైలు గురగురకి నాయిస్ క్యాన్సిలింగ్‌ని మించింది లేదు. ఎల్‌డ్యాక్ (బ్లూటూత్‌లో ఎక్కువ క్వాలిటీతో పాట పంపే పద్ధతి) ఉంటే క్వాలిటీ కూడా తక్కువేం కాదు.

అడయార్_ఆడియో
రెండు చిక్కులు. బ్లూటూత్ పెట్టిన క్షణం ఆయన ప్లేయర్‌లోని డ్యాక్ (ఫైల్‌ని సిగ్నల్‌గా మార్చేది), ఆంప్ (దాన్ని పెంచేది) రెండూ పనిలో ఉండవు, ఆ పని హెడ్‌ఫోన్ లోపలి చిప్పు చేస్తుంది. అప్పుడు ప్లేయర్ కొన్నది దేనికి? రెండోది, ఎల్‌డ్యాక్‌లో 990, 660, 330 కేబీపీఎస్ అని మూడు మెట్లున్నాయి. ఆటోమేటిక్‌గా వదిలేస్తే నలుగురూ ఫోన్లు పట్టుకున్న రైలు పెట్టెలో 330కి జారుతుంది. 990కి బిగిస్తే తెగుతూ వస్తుంది.
గురగుర మాట మాత్రం ఒప్పుకుంటా. క్యాన్సిలింగ్ చేసే పని ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లోనే. పైన ఉండేవి, అంటే పక్కవాడి ఫోన్ రీల్స్, సమోసావాడి కేక, ఇవి ఆగేది చెవికి పడ్డ సీల్ వల్లే. లోతుగా దిగే మూడు గొడుగుల టిప్‌తో ఎటిమోటిక్ వాళ్లు 35 డీబీ దాకా ఆపుతుందని చెప్తారు, బ్యాటరీ లేకుండా. అది అందరి చెవికీ పడదు, చెవి లోతున గుచ్చినట్టుంటుంది.

పులిహోర_ప్లేలిస్ట్
ఒక డౌట్. ఇన్-ఇయర్ పెట్టగానే నా ప్లేయర్‌లో పాట లేకపోయినా స్స్స్ అని వస్తుంది. హెడ్‌ఫోన్‌కి రాదు. ప్లేయర్ పోయిందా?

ఓమ్స్‌లా_ఓబులేసు
పోలేదు. ఇన్-ఇయర్ మరీ సున్నితమైంది. ప్రతి ఆంప్‌కీ కొంత సొంత రొద ఉంటుంది, 5 మైక్రోవోల్ట్లు అనుకుందాం. వోల్ట్‌కి 120 ఇచ్చే ఇన్-ఇయర్ మీద అది 14 డీబీ, వినపడదు. క్యాంప్‌ఫైర్ ఆండ్రోమెడా లాంటి ఇన్-ఇయర్‌కి 94 డీబీ రావడానికి 7 మిల్లీవోల్ట్లు చాలు, అంటే వోల్ట్‌కి 137. అదే 5 మైక్రోవోల్ట్లు దానిమీద 31 డీబీ అయి కూర్చుంటుంది, రాత్రి గదిలో చక్కగా వినపడుతుంది. ముందు ప్లేయర్‌లో గెయిన్‌ని తక్కువకి (లో గెయిన్) మార్చండి. అప్పటికీ ఉంటే మధ్యలో అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే చిన్న ముక్క) వెయ్యాలి. వాల్యూమ్ తగ్గిస్తే పోదు, చాలా ప్లేయర్లలో ఆ రొద వాల్యూమ్ తర్వాత పుడుతుంది.

పులిహోర_ప్లేలిస్ట్
హై గెయిన్‌లో ఉంది 🙈 మార్చా. చాలావరకు పోయింది.

సోల్డర్‌సుబ్బయ్య
అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (ప్లేయర్ తన లోపల పెట్టే అడ్డు, అదీ ఓమ్‌లలోనే) సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఇన్-ఇయర్లకి అసలు మాట అదే. ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్, హెడ్‌ఫోన్ ఓమ్‌లో ఎనిమిదో వంతు లోపు ఉండాలి. 16 ఓమ్ ఇన్-ఇయర్‌కి 2 ఓమ్ లోపు. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (ఒక రకం బుల్లి స్పీకర్లు) ఐదారు ఉన్నవాటిలో ఓమ్ ఒకచోట నిలవదు, ఒక స్వరం దగ్గర 8, ఇంకో చోట 40. ప్లేయర్‌ది 10 ఓమ్ అయితే ఆ రెండు చోట్ల మధ్య 5 డీబీ తేడా వస్తుంది, అంటే ఇన్-ఇయర్ గొంతే మారిపోయినట్టు. 1 ఓమ్ అయితే తేడా 1 డీబీ కూడా రాదు. ఒకే డైనమిక్ డ్రైవర్ (మామూలు రకం స్పీకర్) ఉన్నవాటికి, ప్లానార్‌లకి (పల్చటి రేకులాంటి డ్రైవర్ ఉన్నవి) ఈ బాధ దాదాపు లేదు.

స్పెక్ కాగితంలో చాలామంది ఈ అంకె వెయ్యరు. ఇంట్లోనే కొలవచ్చు. 3.5 మేల్ ప్లగ్ ఒకటి, 33 ఓమ్ పావు వాట్ రెసిస్టర్ ఒకటి, మల్టీమీటర్. 100 హెర్ట్జ్ సైన్ టోన్ పెట్టి, ఏమీ తగిలించకుండా ప్లగ్ కొన, మొదలు మధ్య ఏసీ వోల్టేజ్ చూడండి, వాల్యూమ్ సర్ది 0.500కి తెచ్చుకోండి. వాల్యూమ్ ముట్టుకోకుండా రెసిస్టర్ అడ్డం పెట్టి మళ్లీ చూడండి. 0.470 వచ్చిందనుకోండి: 0.500ని 0.470తో భాగించి, ఒకటి తీసేసి, 33తో గుణిస్తే 2.1 ఓమ్. అదే మీ అంకె.
మీటర్ సంగతి జాగ్రత్త. పసుప్పచ్చ చౌక మీటర్లలో ఏసీ 200 వోల్ట్ రేంజ్ నుంచే మొదలవుతుంది, దాంట్లో అర వోల్ట్ కనపడదు. 2 వోల్ట్ రేంజ్ ఉన్నది కావాలి. టోన్ కూడా 1 కిలోహెర్ట్జ్ పెట్టొద్దు, మామూలు మీటర్లు 400 దాటాక తప్పు చూపిస్తాయి.

బజ్జీబాస్
పాటలు వినడానికి వచ్చి పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పడ్డా

వేళచ్చేరి_వాసు
మీటర్ ఆఫీసులో దొరుకుతుంది, కొలుస్తా. ఇంకో చిన్న సమస్య: ప్లేయర్‌కి సిలికాన్ కేసు వేశా. పాత ఇయర్‌ఫోన్ పెడితే ఘంటసాల గొంతు బాగానే ఉంది గానీ ఇళయరాజా పాటల్లో గొంతు ఎక్కడో బావిలోంచి వస్తోంది, వయొలిన్లు మాత్రం బ్రహ్మాండం. ఫైళ్లు పాడయ్యాయా?

సోల్డర్‌సుబ్బయ్య
ఘంటసాల కూడా చిన్నగా వస్తోందేమో గమనించండి. ప్లగ్ పూర్తిగా దిగలేదు. కేసు రంధ్రం చిన్నది, ప్లగ్ మెడ లావు, చివరి అర మిల్లీమీటర్ బయటే ఆగిపోయింది. గ్రౌండ్ (రెండు పక్కలకీ ఉమ్మడి తీగ) సరిగ్గా తగలకపోతే ఎడమ కుడుల మధ్య తేడా మాత్రమే మిగులుతుంది. స్టీరియోలో గాయకుడు రెండు పక్కలా సమానంగా ఉంటాడు కాబట్టి ఆయనే మాయం. ఘంటసాల పాతవి మోనో, రెండు పక్కలా ఒకటే. గ్రౌండ్ పూర్తిగా తెగితే మోనో పాట మొత్తానికే ఆగిపోవాలి, మీకు సగం తగులుతోంది. కేసు రంధ్రాన్ని బ్లేడుతో కొంచెం కొయ్యండి.

వేళచ్చేరి_వాసు
కేసు తీసి పెట్టా. జానకమ్మ తిరిగొచ్చింది! నిజమే, ఘంటసాల వాల్యూమ్ కూడా పెరిగింది.

తంబూర_శ్రుతి
ఆ మోనో పాటల్ని షాపుకి కూడా తీసుకెళ్లండి. రెండు పక్కలా ఒకటే సిగ్నల్ కాబట్టి గొంతు సరిగ్గా నడినెత్తిన నిలబడాలి. ఒక పక్కకి ఒరిగితే ఆ పీసులో డ్రైవర్లు జతపడలేదేమో. ఇయర్‌కప్పులు తిప్పి పెట్టుకుని మళ్లీ వినండి. ఒరుగు రెండో పక్కకి మారితే తప్పు హెడ్‌ఫోన్‌దో ప్లేయర్‌దో, మారకపోతే మీ చెవిది.
రెండోది, స, శ ఎక్కువున్న పాట ఒకటి. డీటీ 770కి 8-9 కిలోహెర్ట్జ్ దగ్గర ఎత్తు ఉంది, ఆడగొంతు సకారాలు సూదిలా గుచ్చుతాయి. 7506 కూడా పైన కొంచెం పదునే, పాత టేపు రొదని బయటికి లాగి చూపిస్తుంది. ఎం50ఎక్స్ బాస్ వైపు మొగ్గు, మృదంగం బొద్దుగా ఉంటుంది, తంబూర కొంచెం వెనక్కి పోతుంది.

నెల్లూరు_చేప
అందుకే ప్లేయర్‌లో ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచాలో తగ్గించాలో సర్దేది) ఉంది కదండీ. 8.5 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డీబీ తగ్గిస్తే డీటీ 770 దారికొస్తుంది.

ఓమ్స్‌లా_ఓబులేసు
తగ్గించడం వరకు ఇబ్బంది లేదు. బాస్ 6 డీబీ పెంచితే మాత్రం ప్రీఆంప్ (ఈక్యూలో మొత్తం మట్టం) మైనస్ 6 పెట్టాలి, లేకపోతే క్లిప్ అవుతుంది. అంటే నా పట్టికలోంచి ఇంకో 6 పోయినట్టే. ముప్పావు వోల్ట్ ప్లేయర్‌కి, 250 ఓమ్‌కి అంత మిగులు లేదు. 7506 అయితే ఉంది.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
ఇంట్లో వినడానికైతే ఓపెన్ బ్యాక్ (కప్పు వెనక తెరిచి ఉండేది) చూడరేం? సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్: 120 ఓమ్, వోల్ట్‌కి 110. ఈయన ప్లేయర్ మీద 107.5 వస్తుంది. కచేరీకి ఆ గాలి, ఆ వెడల్పు క్లోజ్డ్‌లో రావు. చెవులకి చెమట కూడా తక్కువ.

అడయార్_ఆడియో
సమర్థిస్తున్నా, ఒక షరతు మీద. ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే ఓపెన్ బ్యాక్‌లో పాటతో పాటు ఫ్యాన్ కూడా పాడుతుంది. పక్కన పడుకున్నవాళ్లకి కూడా పాట వినపడుతుంది. ఏసీ గది, తలుపు వేసుకునే వీలు ఉంటేనే.

తంబూర_శ్రుతి
కళ్లజోడు సంగతి కూడా. కప్పుల కింద జోడు కాడ దూరితే అక్కడ సీల్ తెగి క్లోజ్డ్ బ్యాక్‌లో బాస్ తగ్గుతుంది, ఓపెన్‌లో ఆ తేడా కొంచెం తక్కువ తెలుస్తుంది. షాపులో జోడు తీసి వినకండి, రోజూ ఎలా వింటారో అలాగే వినండి.

వేళచ్చేరి_వాసు
తలుపుంది, ఫ్యాను కూడా ఉంది 😀 ముందు రైలుకి ఇన్-ఇయర్ తీసుకుంటా. ఊడే వైరు ఉన్నదైతే వైరు తగిలించే చోట ఎంఎంసీఎక్స్ (గుండ్రటి కనెక్టర్) మంచిదా, రెండు పిన్నులదా? కొన్నిటికి 4.4 ప్లగ్ వైరే వస్తోంది, నాకు 3.5 కదా.

సోల్డర్‌సుబ్బయ్య
చెన్నైకి 0.78 రెండు పిన్నులది. ఎంఎంసీఎక్స్ గిరగిరా తిరుగుతుంది, తిరిగేచోట చెమట చేరి తుప్పు పట్టి ఒక చెవి వస్తూ పోతూ ఉంటుంది. పిన్నులు వంకర పోకుండా తిన్నగా లాగి తియ్యండి. మళ్లీ పెట్టేటప్పుడు ఒక పక్క ప్లస్ మైనస్ తారుమారైతే గొంతు మధ్యలో నిలవకుండా చెదిరిపోతుంది, అది గుర్తుపెట్టుకోండి.
4.4 వైరుకి 3.5 అడాప్టర్ వేసి మీ ప్లేయర్‌లో పెట్టుకోవచ్చు, ప్రమాదం లేదు. ప్రమాదం ఎదురు దిక్కున: 4.4 జాక్ ఉన్న ప్లేయర్‌కి అడాప్టర్ వేసి 3.5 హెడ్‌ఫోన్ పెడితే, చౌక అడాప్టర్లలో రెండు మైనస్‌లూ లోపల కలిసిపోయి ఉంటాయి, ఆంప్ కాలిపోవచ్చు.

పులిహోర_ప్లేలిస్ట్
రైల్లోంచి దిగాక ఒక పక్క సౌండ్ సగానికి పడిపోతుంటుంది. అదీ తుప్పేనా?

సోల్డర్‌సుబ్బయ్య
రాత్రికి మామూలైపోతుందా? అయితే తుప్పు కాదు, చెమట ఆవిరి నాజిల్ జాలీ మీద పొరలా పట్టింది. టిప్ తీసి, జాలీని టిష్యూ మీద బోర్లించి మెల్లగా తట్టండి, ఊదొద్దు. రాత్రికి సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. హెయిర్ డ్రయర్ అసలు వద్దు, జిగురు కరుగుతుంది. ఆరినా తగ్గకపోతే గులిమి, జాలీ మార్చాలి.

అడయార్_ఆడియో
రైల్లో వాల్యూమ్ ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. డబ్ల్యూహెచ్ఓ చెప్పే హద్దు 80 డీబీ అయితే వారానికి 40 గంటలు. 3 డీబీ పెరిగితే ఆ గంటలు సగమవుతాయి. సీల్ బాగా పడితే రొద మీద గెలవడానికి పెంచాల్సిన పనే ఉండదు.

వేళచ్చేరి_వాసు
ఆఫీసు మీటర్‌తో కొలిచా. ఖాళీగా 0.500, రెసిస్టర్‌తో 0.478.

ఓమ్స్‌లా_ఓబులేసు
1.5 ఓమ్. 16 ఓమ్ ఇన్-ఇయర్‌కి కూడా ఢోకా లేదు, 560ఎస్‌కి అసలు లెక్కే కాదు. కుడి పక్క కూడా కొలవండి, ప్లగ్ మధ్య రింగుకీ మొదలుకీ మధ్య.

నెల్లూరు_చేప
రిచీ స్ట్రీట్‌కి ఆదివారం వెళ్లకండి, చాలా షాపులు తియ్యరు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. "బిల్లు లేకపోతే తగ్గిస్తా" అంటే వారంటీ కూడా లేదని. ఎం50ఎక్స్‌కి, 7506కి నకిలీలు తిరుగుతున్నాయి, ఎం50ఎక్స్ డబ్బాలో మూడు వైర్లు ఉండాలి, ప్లగ్ కప్పులో పెట్టి తిప్పితే లాక్ పడాలి.

వేళచ్చేరి_వాసు
కుడి పక్క 0.477. శనివారం మధ్యాహ్నం వెళ్తున్నా, ముందు ఇన్-ఇయర్, 560ఎస్ విని చూసి వస్తా.

బజ్జీబాస్
మీటర్ కూడా పట్టుకెళ్లండి, ఆ 250 ఓమ్ ఆయనకి చూపిద్దురు గానీ